ఉప్పు తోడుంటేనే చక్కెరకు తలుపు

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వెనక ఏం రాసుంటుందో ఎప్పుడైనా చదివారా? లీటరు నీళ్లకి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం కలిపితే 20.5 గ్రాముల పొడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ఇది, ఏ కంపెనీ తయారుచేసినా ఇదే ఉండాలి.

విరేచనాలైతే ఒంట్లో నీళ్లు పోతాయి కాబట్టి నీళ్లు తాగాలి. ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉప్పు కలపాలి. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. మరి గ్లూకోజ్ ఎందుకు? "నీరసం కదా, శక్తి రావడానికి" అంటారు. హాస్టల్లో పదిమందిని అడిగితే తొమ్మిదిమంది చెప్పే జవాబు ఇదే. కానీ లెక్క చూడండి. 13.5 గ్రాముల గ్లూకోజ్ అంటే యాభై నాలుగు కేలరీలు. ఒక ఇడ్లీకి కాస్త అటూ ఇటూ. లీటరు తాగితే వచ్చేది అంతే అయితే, శక్తి కోసమే దాన్ని కలిపారని ఎలా నమ్మడం?

అసలు కారణం పేగు గోడలోని కణాల పొరలో ఉంది. ఆ పొరలో ఒక తలుపు ఉంది. అది ఉప్పు ఒక్కటే వస్తే తెరుచుకోదు, చక్కెర ఒక్కటే వచ్చినా తెరుచుకోదు. మనలో చాలామందిమి పదో తరగతితోనే జీవశాస్త్రానికి దణ్ణం పెట్టేసి ఎంపీసీలో చేరినవాళ్లం. అయినా ఈ తలుపు కథ మనకి బాగానే అర్థమవుతుంది. ఎందుకంటే ఇందులో ఉన్నదంతా పంపులు, పొటెన్షియల్ తేడాలు, ఎనర్జీ లెక్కలే.

ముందు పొర సంగతి. కణత్వచం మందం ఏడెనిమిది నానోమీటర్లు. రెండు వరసల కొవ్వు అణువులు తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి నిలబడి ఉంటాయి. తలలకి నీళ్లంటే ఇష్టం, తోకలకి గిట్టదు. కాబట్టి పొర మధ్యభాగం మొత్తం నూనెలాంటిది. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి చిన్న, చార్జ్ లేని అణువులు ఆ నూనెలోంచి జారిపోతాయి. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి, ఎవరూ తోయక్కర్లేదు. స్కూల్లో విసరణ అని చదువుకున్నది ఇదే. గ్లూకోజ్ పెద్దది, పైగా నీళ్లతో అంటుకుని ఉండే రకం, అది జారదు. సోడియం అయాన్ చిన్నదే గానీ చార్జ్ ఉంది. దాని చుట్టూ నీటి అణువులు మూగి ఉంటాయి. ఆ నీళ్లని వదిలేసి నూనెలోకి దూరాలంటే దానికి చాలా ఖరీదు. అంచేత సోడియానికి కూడా ఈ పొర గోడే.

ఈఈఈ మిత్రుల కోసం ఒక చిన్న మాట. ఈ పొరకి అటూ ఇటూ దాదాపు 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది, లోపలివైపు నెగెటివ్. 70 మిల్లీవోల్టులంటే ఏముంది అనిపిస్తుంది. కానీ దాన్ని 7 నానోమీటర్లతో భాగించండి. మీటరుకు కోటి వోల్టులు! గాలి అయితే మీటరుకు 30 లక్షల వోల్టుల దగ్గరే స్పార్క్ కొట్టేస్తుంది. మన ఒంట్లో ప్రతి కణమూ అంతకు మూడు రెట్ల ఫీల్డ్‌ని మోస్తూ చప్పుడు చేయకుండా కూర్చుంది.

ఇప్పుడు చిన్నపేగులోకి వెళ్దాం. రోజూ మన పేగులోకి దాదాపు తొమ్మిది లీటర్ల ద్రవం వస్తుంది. మనం తాగేది, తిండిలో వచ్చేది కలిపి అందులో రెండు లీటర్లే. మిగతాది లాలాజలం, జఠరరసం, పిత్తం, పేగు ఊరించే రసాలు. ఆ తొమ్మిది లీటర్లలో బయటికి పోయేది నూటయాభై, రెండొందల మిల్లీలీటర్లు. మిగతాదంతా తిరిగి రక్తంలోకి లాగేసుకుంటుంది. ఈ లాగడంలో కాస్త తేడా వచ్చినా, లేదా లోపలికి వచ్చేది పెరిగినా, ఫలితం మనకు తెలిసిందే. విరేచనం అంటే ఈ జమాఖర్చు తప్పడమే.

పేగు లోపల గోడకి వరసగా పేర్చిన కణాలు ఉంటాయి. ఒక్కో కణానికి రెండు ముఖాలు. ముందు ముఖం పేగులోని ఆహారం వైపు, వెనక ముఖం రక్తం వైపు. రెండు ముఖాల మీదా వేరువేరు తలుపులు ఉంటాయి. ఇది గుర్తుపెట్టుకోండి, కథ అంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

వెనక ముఖం మీద ఒక పంపు ఉంది, సోడియం పొటాషియం పంపు. డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ అనే శాస్త్రవేత్త పీతల కాళ్లలోని నరాలతో ప్రయోగాలు చేసి 1957లో దీన్ని బయటపెట్టారు. 1997లో దానికి రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది, నలభై ఏళ్ల తర్వాత. ఈ పంపు ఒక్కో ఏటీపీ అణువును ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లను కణంలోంచి బయటికి తోస్తుంది, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఆగకుండా ఇదే పని. దానివల్ల కణం బయట సోడియం లీటరుకు 145 మిల్లీమోల్స్ ఉంటే లోపల 12 దగ్గర ఉంటుంది. పొటాషియం దీనికి తలకిందులు, లోపల 140, బయట 4.

ఈ పంపు ఎఫిషియెన్సీ ఎంతో చూద్దామా? ఒక మోల్ సోడియాన్ని 12 నుంచి 145కి ఎక్కించడానికి, గాఢత తేడా వల్ల 6.4 కిలోజౌళ్లు, 70 మిల్లీవోల్టులకి వ్యతిరేకంగా లాగడానికి ఇంకో 6.8, మొత్తం 13.2. మూడింటికి దాదాపు 39.6. పొటాషియం విషయంలో గాఢత ఎదురు తోస్తుంది గానీ వోల్టేజీ సాయం చేస్తుంది కాబట్టి ఒక్కోదానికి 2.4 చాలు, రెండింటికి 4.8. అన్నీ కలిపితే 44 కిలోజౌళ్లు. కణం లోపలి పరిస్థితుల్లో ఒక మోల్ ఏటీపీ ఇచ్చేది సుమారు 50. ఎనభై శాతం దాటేసింది! మన థర్మల్ స్టేషన్లు నలభై దగ్గర ఆయాసపడుతుంటాయి. కర్నో సైకిల్ దీనికి వర్తించదు, ఇది హీట్ ఇంజిన్ కాదు, అందుకని పోలిక పూర్తిగా న్యాయమైంది కాదులెండి. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఏటీపీ పేరు వచ్చింది కాబట్టి మనవాడి పేరు చెప్పుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ కండరాల్లో ఏటీపీని కనుక్కున్నారు. 1929లో ఆ సంగతి ప్రచురించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. పేగు ఆహారాన్ని లోపలికి పీల్చుకోలేకపోవడమే ఆ జబ్బు. ఆయన కనుక్కున్న అణువే పేగు గోడలోని పంపుకి ఇంధనం.

సరే, పంపు ఉప్పుని తోడేస్తూ ఉంటే కణం ఎప్పుడూ తోడేసిన బావిలా ఉంటుంది. చుట్టూ ఉన్న సోడియం లోపలికి ఊరడానికి సిద్ధంగా ఉంటుంది. గాఢత తేడా లోపలికి తోస్తుంది, వోల్టేజీ కూడా లోపలికే లాగుతుంది. దారి ఒక్కటే కావాలి.

ఆ దారి ముందు ముఖం మీద ఉంది. దాని పేరు ఎస్‌జీఎల్‌టీ-1. ఇది రంధ్రం కాదు, రెండు తలుపుల గది లాంటిది. బయటి తలుపు తెరిచి ఉన్నప్పుడు రెండు సోడియం అయాన్లు వచ్చి కూర్చుంటాయి. అవి కూర్చున్నాకే గ్లూకోజ్‌కి సరిపడే చోటు సరిగ్గా తయారవుతుంది. గ్లూకోజ్ కూడా వచ్చి చేరాక ఆ ప్రొటీన్ ఆకారం మారిపోతుంది. బయటి తలుపు మూసుకుని లోపలి తలుపు తెరుచుకుంటుంది. ముగ్గురూ లోపల దిగిపోతారు. సోడియం పల్లానికి దొర్లుతోంది, గ్లూకోజ్ ఎత్తుకి ఎక్కుతోంది, ఒకే బండిలో.

ఈ తలుపు దగ్గర ఏటీపీ ఖర్చు లేదు. అపార్ట్‌మెంట్‌లో మోటారు వేసి ట్యాంకు నింపుకుంటాం, తర్వాత కుళాయి తిప్పినప్పుడు కరెంటు లేకపోయినా నీళ్లొస్తాయి కదా. బిల్లు మోటారు దగ్గరే కట్టేశాం. ఇక్కడా అంతే. ఏటీపీ వెనక ముఖం మీది పంపు దగ్గర ఖర్చయింది, పని ముందు ముఖం మీద జరుగుతోంది. పుస్తకాల్లో దీన్ని ద్వితీయ సక్రియ రవాణా అంటారు. పేరు చూస్తే భయమేస్తుంది గానీ సంగతి ఓవర్‌హెడ్ ట్యాంకే.

రెండు సోడియంలే ఎందుకు, ఒకటి చాలదా? ఇది నాకు ఈ మొత్తం విషయంలో బాగా నచ్చిన లెక్క. ఒక సోడియం దిగితే 13.2 కిలోజౌళ్లు. దాన్ని ఆర్‌టీ విలువ 2.58తో భాగించి ఎక్స్‌పొనెన్షియల్ తీస్తే దాదాపు 170 వస్తుంది. అంటే ఒక్క సోడియం తోడుతో, ఆదర్శ పరిస్థితుల్లో, కణం లోపల గ్లూకోజ్‌ని బయటికంటే 170 రెట్ల దాకా పోగెయ్యొచ్చు. రెండు సోడియంలైతే ఎనర్జీ రెట్టింపు, కానీ రెట్లు రెట్టింపు కావు, వర్గం అవుతాయి. 170 వర్గం, అంటే దాదాపు 28 వేల రెట్లు. నిజం కణంలో అంత పోగుపడదు, గ్లూకోజ్ వెనక నుంచి వెళ్లిపోతూనే ఉంటుంది. కానీ పేగులో చివరికి మిగిలిన కాస్త గ్లూకోజ్‌ని కూడా ఊడ్చి లోపలికి లాగగలిగే సత్తా దీనివల్లే వచ్చింది.

వెనక ముఖం మీద గ్లూకోజ్ బయటికి వెళ్లే తలుపు వేరు, గ్లూట్-2. దానికి పంపూ లేదు, సోడియమూ అక్కర్లేదు. కణంలో ఎక్కువ, రక్తంలో తక్కువ, కాబట్టి అటు జారిపోతుంది. సోడియాన్ని మన పాత పంపు తోసేస్తుంది. ఇలా ఉప్పు, చక్కెర రెండూ పేగులోంచి రక్తం వైపు చేరితే అటువైపు గాఢత పెరుగుతుంది. నీళ్లు వాటి వెంట పోతాయి. నీటిని లాగే పంపు అంటూ మన ఒంట్లో ఎక్కడా లేదు. కరిగిన పదార్థాలను జరిపితే ద్రవాభిసరణ వల్ల నీళ్లు వాటంతట అవే జరుగుతాయి. ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ ఉన్నది ఇందుకు. అది ఉప్పుని లోపలికి తీసుకెళ్తుంది, ఉప్పు నీళ్లని తీసుకెళ్తుంది.

ఇక కలరా దగ్గరికి వద్దాం. ఈ తలుపు విలువ తెలిసింది అక్కడే. కలరాలో పేగు లోపలి పొర ఊడిపోతుందని ఒకప్పుడు డాక్టర్లు అనుకునేవారు. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే, కలరా క్రిముల్ని పూర్తిగా వడకట్టేసిన ద్రవాన్ని కుందేలు పేగులో పెట్టి చూశారు. క్రిమి లేకపోయినా పేగులోకి నీళ్లు ఊరాయి. అంటే పని చేస్తున్నది క్రిమి వదిలే విషం. ఆ విషం కణంలో ఒక స్విచ్చిని ఆన్‌లో ఇరికించేస్తుందని తర్వాత తెలిసింది. దాంతో ముందు ముఖం మీద ఉన్న సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ తలుపు మూతపడకుండా తెరిచే ఉండిపోతుంది. క్లోరైడ్ పేగులోకి కారుతుంది, దాని వెంట సోడియం, వాటి వెంట నీళ్లు. తీవ్రమైన కేసుల్లో గంటకి లీటరు దాకా పోతుంది. అదే స్విచ్చి వల్ల ఉప్పును మామూలుగా లాగే దారి కూడా మూసుకుపోతుంది. అందుకే ఉత్త ఉప్పునీళ్లు తాగిస్తే లాభం ఉండదు.

కానీ పొర ఊడిపోలేదు. ఎస్‌జీఎల్‌టీ-1ని ఆ విషం ముట్టుకోలేదు. వరదలో ఇల్లంతా మునిగినా ఒక్క కిటికీ మిగిలి ఉన్నట్టు.

1953లోనే కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ అనే డాక్టరు కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు నోటితో పట్టి బాగుచేసి, లాన్సెట్ పత్రికలో రాశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అది నియంత్రిత ప్రయోగం కాదు, పైగా ఎందుకు పనిచేస్తుందో చెప్పగల శాస్త్రం అప్పటికి లేదు. 1960 ఆగస్టులో ప్రాగ్‌లో జరిగిన సదస్సులో రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ బయోకెమిస్ట్, సోడియం గ్లూకోజ్ కలిసి ప్రయాణిస్తాయన్న ఆలోచనని బొమ్మ గీసి చూపించాడు. ఆయన బుర్రలో కలరా లేదు, చక్కెర పేగులోంచి ఎలా వెళ్తుందన్నదే ప్రశ్న. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ కలరా రోగుల మీద జాగ్రత్తగా కొలతలు తీసి, నోటిద్వారా ఇచ్చే ద్రవంతో సెలైన్ వాడకం బాగా తగ్గించొచ్చని చూపించారు.

అసలు పరీక్ష 1971లో వచ్చింది. బంగ్లాదేశ్ యుద్ధం రోజులు. సరిహద్దు దాటి వచ్చిన లక్షలమంది శరణార్థులు, బెంగాల్లోని బన్‌గావ్ దగ్గర శిబిరం, కలరా. డాక్టర్ దిలీప్ మహలనబిస్ అక్కడ పనిచేస్తున్నారు. ఆస్పత్రిలో మంచాలు లేక రోగులు నేలమీద పడి ఉన్నారు, సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. ఆయన లీటరుకి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల బేకింగ్ సోడా లెక్కన పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించారు. ఇంజెక్షన్ సూది అక్కర్లేదు, నర్సు అక్కర్లేదు, ఒక గ్లాసు చాలు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు ఈ పద్ధతి వాడినచోట 3.6 శాతానికి దిగాయి. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. పద్మవిభూషణ్ ఆ తర్వాతి ఏడాది ప్రకటించారు.

మహలనబిస్ పొట్లంలో గ్లూకోజ్ 22 గ్రాములు, ఇప్పటి ప్యాకెట్‌లో 13.5. తగ్గించారు, గమనించారా? చక్కెర మంచిదే అయితే ఇంకా ఎక్కువ వేస్తే ఇంకా మంచిది కదా అనిపించొచ్చు. తలుపులు మాత్రం అన్నే ఉన్నాయి. తలుపుల సామర్థ్యం దాటి మిగిలిపోయిన చక్కెర పేగులోనే కూర్చుని, ద్రవాభిసరణతోనే రక్తంలోంచి నీళ్లని పేగులోకి లాగుతుంది. అదే సూత్రం, దిశ మారింది అంతే. పాత ప్రామాణిక ఓఆర్‌ఎస్ ద్రవ గాఢత 311 మిల్లీఆస్మోల్స్, రక్తం కంటే కాస్త ఎక్కువ. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 245కి దించింది. సోడియం 75, గ్లూకోజ్ 75, మిగతావి తక్కువ తక్కువ.

ఇప్పుడు కూల్‌డ్రింక్ సంగతి చూడండి. వంద మిల్లీలీటర్లకి దాదాపు పది పదకొండు గ్రాముల చక్కెర. ఓఆర్‌ఎస్‌లో 1.35. ఏడెనిమిది రెట్లు! ఉప్పు మాత్రం నామమాత్రం. విరేచనాలప్పుడు అది తాగడమంటే లీకవుతున్న ట్యాంకుకి ఇంకో రంధ్రం పెట్టడమే. ఉప్పులేని గ్లూకోజ్ పౌడరు నీళ్లూ ఇంతే, బండి ఉంది, లాగే ఎద్దులు లేవు. టెట్రా ప్యాక్‌లో పండ్ల రుచితో, పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకుని అమ్మిన తీపి పానీయాల గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి దానిమీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని చెప్పింది. ఐదేళ్లలోపు పిల్లలు ప్రపంచంలో ఏటా నాలుగు లక్షల మందికి పైగా విరేచనాలతో చనిపోతున్నారు. కాబట్టి ఇది పేరు గొడవ మాత్రమే కాదు.

ఈ తలుపు పుట్టుకతోనే పాడైన పిల్లలు చాలా అరుదుగా ఉంటారు. వాళ్లకి తల్లిపాలు పట్టినా ఆగని విరేచనాలు అవుతాయి. పాలలోని లాక్టోజ్ విడిపోతే వచ్చేది గ్లూకోజ్, గెలాక్టోజ్. రెండూ ఈ తలుపులోంచే వెళ్లాలి. ఫ్రక్టోజ్ ఇచ్చే ఆహారానికి మారిస్తే తేరుకుంటారు, దానికి గ్లూట్-5 అనే వేరే తలుపు ఉంది. ఎస్‌జీఎల్‌టీ-2 అనే ఈ తలుపు చెల్లెలు కిడ్నీలో ఉంటుంది, మూత్రంలోకి పోబోయే గ్లూకోజ్‌ని వెనక్కి పట్టుకొస్తుంది. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ల మందుల పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉందేమో చూడండి. ఆ మాత్ర చేసేది ఆ తలుపుకి అడ్డం పడటమే.

మరి అన్నం వార్చిన గంజిలో ఉప్పేసి తాగించే మన అలవాటు? పూర్వీకులకి అన్నీ తెలుసు అనే వాదనకి నేను వెళ్లను, వాళ్లకి సోడియం తలుపు గురించి తెలీదు. కానీ గంజి పనిచేస్తుంది, కారణం కూడా ఉంది. పిండిపదార్థం అంటే గ్లూకోజ్ అణువుల పొడుగాటి గొలుసు. గొలుసు మొత్తం ఒక్క అణువు కిందే లెక్క కాబట్టి ద్రవాభిసరణ పీడనం పెద్దగా పెరగదు. పేగులో అది మెల్లగా తెగుతూ తలుపుకి సరిపడా గ్లూకోజ్‌ని అందిస్తుంది. బియ్యప్పిండితో చేసిన ఓఆర్‌ఎస్ కలరా రోగుల్లో విరేచనాల పరిమాణాన్ని తగ్గించిందని ప్రయోగాల్లో తేలింది కూడా. ఉప్పు వేయడం మాత్రం మర్చిపోకూడదు.

ప్యాకెట్ దొరక్కపోతే, లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. రుచి కన్నీళ్లకంటే ఉప్పగా ఉండకూడదు. ప్యాకెట్ ఉంటే దానిమీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్నీ పోసి, మొత్తం ఒకేసారి కలపాలి. సగం గ్లాసులో సగం ప్యాకెట్ అని ఉజ్జాయింపుగా వేస్తే పైన చెప్పిన లెక్కలన్నీ తప్పుతాయి. వాంతులవుతుంటే చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. మనిషి మగతలోకి జారుకుంటున్నా, ఏదీ కడుపులో నిలవకపోతున్నా సెలైన్ తప్పదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కలిపిన ద్రవం ఇరవై నాలుగు గంటలే పనికొస్తుంది, మిగిలితే పారబోసి కొత్తది కలపండి.